కోరిన నాదమునకు తగిన వీణ

మన సీమకు వీణ క్రొత్తది కాదు. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ పూనికతో వెలసిన లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమంటపమున తుంబురుడు వీణ మీటుచున్నట్లు శిల్పులు మలచిరి. 1550లో విజయనగర రాజ్యమున రామామాత్యుడు తన స్వరమేళకళానిధియందు వీణమెట్ల స్థానములను చర్చించెను. తరువాత తంజావూరి రఘునాథనాయకుని కాలమున (1600–1634) 24 మెట్ల వీణ స్థిరపడినది. ఇట్టి వాద్యమును నేర్వగోరు బాలబాలికలకు ఎట్టి వీణను కొనవలయునో యించుక వివరింతుము. వీణ వెల స్వల్పము కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. తగని వీణ చేతికి వచ్చిన బిడ్డ, లోపము తనదేయని తలచి సంగీతమునే విడిచిపెట్టవచ్చును.

1. శ్రుతి: బిడ్డ పాడుచు వాయింపగోరునా, వాయించుట మాత్రమేనా యని ముందుగా తెలిసికొనవలయును. ఒకే బిగువున, ఒకే లావున నున్న తంతి పొడవైనచో నాదము తగ్గును, పొట్టిదైనచో హెచ్చును. పొడవు సగమైనచో పైస్థాయి పలుకును. కావున హెచ్చు శ్రుతిలో పాడువారికి పొట్టి దండియు, మంద్రగంభీరముగా వాయింపగోరువారికి నిడుపైన దండియు అనుకూలములు. నిడుపు వీణను బలవంతముగా హెచ్చు శ్రుతికి బిగించినచో తంతులు తెగును, గమకమునకు లాగుటయు కష్టమగును.

ఈ న్యాయము మన వీణకే కాదు. 1879లో మడీరా ద్వీపమునుండి హవాయికి వలసవచ్చినవారు తెచ్చిన చిన్న వాద్యమునుండి పుట్టిన యుకులేలే యందును ఇదియే చూడనగును. దానిలో సొప్రానో, కాన్సర్ట్, టెనర్, బారిటోన్ అను పరిమాణములు గలవు. చిన్నది చురుకుగా పలికి శీఘ్రముగా ఆగును. పెద్దది నిండుగా పలికి ఎక్కువసేపు నిలుచును.

2. కఱ్ఱ: వీణకు పనస మ్రాను ప్రసిద్ధము. బొబ్బిలి చెంత గొల్లపల్లిలోని సర్వసిద్ధివారు ఒక్క మ్రానినుండియే కుండను, దండిని తొలిచి ఏకాండవీణలను చేయుదురు. తంజావూరున ఏకాండవీణలును, అతుకు వీణలును రెండును గలవు. ఏకాండమున నాదము ఎడతెగక సాగునని వైణికులు మెచ్చుకొందురు. అయినను బాగుగా అతికిన వీణ ఆరంభవిద్యార్థికి చాలును, వెలయు తక్కువ. అతుకుకంటె ముఖ్యము కఱ్ఱ ఆరియుండుట. పచ్చికఱ్ఱ మన పెనుకొండ యెండలకు బీటలువారును.

3. పరీక్ష: కుండపై పలకను వ్రేలితో తట్టి చూడుడు. మ్రోత మొద్దుగా నున్నచో విడువుడు. సారణితంతిని మీటి నాదము ఎంతసేపు నిలుచునో వినుడు. పిదప ఒక్కొక్క మెట్టుపై వరుసగా మీటుడు. ఏ మెట్టుపైనను గరగరమని వినబడరాదు. 12వ మెట్టున సరిగా పైషడ్జము పలుకవలయును. గుఱ్ఱముపై లోహపు రేకు వంపు సరిగా నున్ననే నాదము జీవముతో పలుకును. చెక్కడపు పనిని, రంగులను తుదకు చూడుడు. అవి కంటికి విందేగాని చెవికి కావు.

4. కాపాడుట: మెట్లు మైనముపై నిలిచియుండును. వేసవి యెండ తగిలినచో మైనము మెత్తబడి స్వరస్థానములు చలించును. కావున వీణను కిటికీ కడ గాని, రేకుల కప్పు క్రింద గాని యుంచరాదు.

విద్యార్థులారా, మీ గురువును వెంటబెట్టుకొని పొండు. రెండు మూడు వీణలను ఒకే శ్రుతికి చేర్చించి, కన్నులు మూసికొని వినుడు. తలిదండ్రులారా, మీరు ధనమిచ్చుచున్నను, ఎన్నిక బిడ్డ చెవికి విడువుడు. తన చెవి మెచ్చిన వీణకడ ప్రతిదినము కూర్చుండుటకు బిడ్డకు మీ ప్రోత్సాహము చాలును, గద్దింపు అక్కఱలేదు.