పాఠం 12 : సూరత్ నుంచి షార్జాకు – దూరం, కాలం

ఈ పాఠం చదివిన తర్వాత మీరు
• దూరం, వేగం తెలిస్తే ప్రయాణ కాలం లెక్కకట్టగలుగుతారు.
• రెండు దేశాల గడియారాల తేడా కనుక్కోగలుగుతారు.
• విమాన టికెట్‌లోని వేళలను, తేదీలను సరిగ్గా చదవగలుగుతారు.

12.1 దూరం

మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి సూరత్ చేరిన కుటుంబాలు చాలా ఉన్నాయి. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లే తెలుగువారూ ఎక్కువే. సూరత్ నుంచి షార్జాకు నేరుగా విమానం 2019 ఫిబ్రవరిలో మొదలైంది.

గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య ఒక దారాన్ని బిగించి పట్టండి. దారం సౌరాష్ట్ర మీదుగా పోయి, అరేబియా సముద్రం దాటి షార్జా చేరుతుంది. ఇదే అతి దగ్గరి దారి. దీని పొడవు సుమారు 1,820 కిలోమీటర్లు. విమానాలు నిర్ణయించిన మార్గాల్లోనే ఎగరాలి. కాబట్టి అసలు ప్రయాణ దూరం దీనికంటే కొంత ఎక్కువ ఉంటుంది.

12.2 కాలం

కాలం = దూరం ÷ వేగం

విమానం వేగం గంటకు 800 కి.మీ. అనుకుందాం.
1,820 ÷ 800 = 2.275 గంటలు

2.275 అంటే 2 గంటల 27 నిమిషాలు కాదు. 0.275ను 60తో హెచ్చించండి. 16.5 వస్తుంది. అంటే సుమారు 2 గంటల 16 నిమిషాలు. నేల మీద నడవడానికి, పైకి లేవడానికి, దిగడానికి పట్టే సమయం కూడా కలిపి 3 గంటలుగా తీసుకుందాం.

12.3 గడియారాల తేడా

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. మన దేశ సమయానికి ఆధారం కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. షార్జా సమయం 60 డిగ్రీల తూర్పు రేఖాంశానికి సరిపోతుంది.

82½ – 60 = 22½; 22½ × 4 = 90 నిమిషాలు

షార్జా మనకు పడమర ఉంది. కాబట్టి అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది.

12.4 టికెట్ చదవడం

టికెట్ మీద ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. ఈ ఉదాహరణలు చూడండి.

వెళ్లేటప్పుడు : సూరత్‌లో రాత్రి 11.00 – షార్జాలో రాత్రి 12.30
వచ్చేటప్పుడు : షార్జాలో రాత్రి 10.00 – సూరత్‌లో రాత్రి 2.30

మొదటిది గంటన్నరలా, రెండవది నాలుగున్నర గంటల్లా కనిపిస్తాయి. నిజానికి రెండూ 3 గంటల ప్రయాణాలే.

జాగ్రత్త : అర్ధరాత్రి 12 దాటగానే తేదీ మారుతుంది. టికెట్ మీద "15వ తేదీ, 00.05" అని ఉంటే, 14వ తేదీ రాత్రి 9 గంటలకే విమానాశ్రయంలో ఉండాలి. 15వ తేదీ రాత్రి వెళితే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అవుతుంది. అప్పు చేసి కొన్న టికెట్ అయితే ఆ నష్టం ఇల్లంతా మోయాలి.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. సూరత్‌లో ఉదయం 9.00 అయితే షార్జాలో ఎంత?
2. ఒక తల్లి కొడుకు షార్జాలో 20వ తేదీ రాత్రి 11.30కు విమానం ఎక్కుతాడు. ప్రయాణం 3 గంటలు. అతడు సూరత్‌లో ఏ తేదీన, ఎన్ని గంటలకు దిగుతాడు?

జవాబులు

1. ఉదయం 7.30.
2. 21వ తేదీ తెల్లవారుజామున 4.00. (11.30కు 3 గంటలు, ఆపైన గంటన్నర కలపాలి.)