సూచక దీపము నిజము చెప్పవలెను

ఊరి మంచినీటి ట్యాంకులో నీరున్నదో లేదో క్రింద నిలిచియే తెలిసికొనగలిగిన, మాటిమాటికి నిచ్చెన ఎక్కు శ్రమ తప్పును. ఇందుకు ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక ఫ్లోట్ స్విచ్చి, ఎరుపు, పచ్చ ఎల్.ఇ.డి. దీపములు రెండు చాలును. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు రూపొందిన ఆర్డుయినో బోర్డులు ఇట్టి పనికి అనువైనవి. వీనిలో ఊనో అను రకమునకు 14 డిజిటల్ పిన్నులు కలవు. మనము కంప్యూటరుపై వ్రాసి ఎక్కించిన ప్రోగ్రామును బట్టి ఒక్కొక్క పిన్ను 5 వోల్టుల విద్యుత్తు నిచ్చును, లేదా మానును.

దీపమును పిన్నునకు నేరుగా కలుపరాదు. ఎఱ్ఱ దీపము సుమారు 2 వోల్టులు తీసికొనును. మిగిలిన 3 వోల్టులకు 220 ఓముల రెసిస్టరును అడ్డుపెట్టిన, ప్రవాహము దాదాపు 14 మిల్లీ ఆంపియర్లకు పరిమితమగును. ఇది 20 మించకుండుట బోర్డునకు క్షేమము.

ఇక ముఖ్య విషయము. దీపము దేనిని చూచి వెలుగవలెను? మోటారు స్విచ్చి వేయగనే పచ్చ దీపము వెలుగునట్లు చేయుట సులభమే. కాని బావి ఎండినను, గొట్టము పగిలినను ఆ దీపము వెలుగుచునే యుండును. దానిని నమ్మి తెల్లవారి కుళాయి విప్పిన ఇల్లాలికి ఒట్టి గాలియే వచ్చును. కావున దీపము ఫ్లోట్ స్విచ్చిని చూచియే వెలుగవలెను.

తగినంత నీరున్నప్పుడు కలిసియుండు ఫ్లోట్ స్విచ్చిని ఒక పిన్నునకు, గ్రౌండునకు నడుమ అమర్చి, ఆ పిన్నును ప్రోగ్రాములో ఇన్‌పుట్ పులప్‌గా నిర్ణయింపవలెను. స్విచ్చి కలిసిన పచ్చ దీపము, విడిన ఎఱ్ఱ దీపము వెలుగునట్లు వ్రాయుడు. ఎలుక తీగను కొరికి తెంచినను, స్విచ్చి విడినట్లే తోచి ఎఱ్ఱ దీపమే వెలుగును. రెండును ఆరిపోయిన, బోర్డునకు విద్యుత్తు అందుట లేదని అనుమానింపవలెనే గాని, అంతయు సవ్యముగా నున్నదని తలపరాదు.

మోటారు తీగలలోని 230 లేక 415 వోల్టులు ప్రాణాంతకములు. వానిని బోర్డునకు తగులనీయరాదు. మోటారు పెట్టెలోని పనిని లైసెన్సు గల ఎలక్ట్రీషియనుకే విడువుడు.

ట్యాంకునకు అమర్చుటకు ముందు, బకెట్టు నీటిలో ఫ్లోటును తేల్చి చూడుడు; నీరు తీసి చూడుడు; తీగను ఊడదీసి చూడుడు. ఈ మూడు పరీక్షలయందును దీపము నిజము చెప్పిననే దానిని ఊరి కప్పగింపుడు.