ఇంట్లో చిన్న బొమ్మల పనికి చోటు



మనలో చాలామందికి వెదురుతోని, మట్టితోని చిన్న చిన్న వస్తువులు చేయుట వస్తుంది. ఎడ్లబండి, నాగలి, గుమ్మి, మంచె, ఎద్దులు. స్కూల్లో అయితే బల్ల ఉన్నది, ట్యూబులైటు ఉన్నది, కత్తెర పోతే ఇంకొకటి ఇచ్చే మేడం ఉన్నది. ఇంటికి పోతే ఇవేవీ ఉండవు. ఒకటే అర్ర, అందులోనే వంట, పడక, బస్తాలు, చిన్నపిల్లలు. పని మీద ఇష్టం ఉన్నా సెలవులన్నీ ఊరికే పోతాయి. కాబట్టి ఇంట్లో ఒక మూలను పనికి ఎట్లా తయారు చేసుకోవాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. నేను రాసేది మా తాత, నేను కలిసి పోయిన ఎండాకాలం చేసుకున్న చోటు గురించి.

చిన్న వస్తువు అనగా చిన్న పని అనుకోవద్దు. మొహెంజొదారోలో దొరికిన నాట్యం చేసే అమ్మాయి కంచు బొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లే. మన జామెట్రీ బాక్సులో స్కేలు 15 సెంటీమీటర్లు ఉంటది. అంత చిన్న బొమ్మ చేతినిండా గాజులు కూడా చేసినారు. అది మైనంతో చేసే పోత పని. ఇప్పుడు మన ఉషేగావ్, కెస్లాగూడ ఊర్లలో ఓజావాళ్లు చేసేది కూడా ఆ పద్ధతే. ముందు మట్టితో బొమ్మ చేసి, దాని మీద తేనెమైనాన్ని దారం లాగా సన్నగా తీసి చుట్టి, పైన మళ్లీ మట్టి పూస్తారు. కాల్చినప్పుడు మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారినాక మట్టిని పగలగొడితే బొమ్మ వస్తుంది. దీనికి ఆదిలాబాద్ డోక్రా అనే పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు ఇచ్చినారు. ఇంత పేరున్న పని పెద్ద ఫ్యాక్టరీలో జరగదు, ఇంటి దగ్గరనే జరుగుతుంది.

ఇక చోటు సంగతి. మొదట పత్తి గురించి రాయాలె. మా వైపు దీపావళి తర్వాత పత్తి ఏరి ఇంట్లోనే పోస్తారు. అర్ర సగం పత్తే ఉంటది. మా తాత వెనుక చిన్న ఎడ్లబండ్లు మస్తు చేసేవాడు. వెదురు చెక్కితే సన్నటి పేళ్లు లేస్తాయి, అవి పోయి పత్తికి పట్టుకుంటాయి. ఒక ఏడు కొనేటాయన పత్తిలో చెత్త ఉన్నదని ధర తగ్గించిండు. అప్పటినుంచి అమ్మ తాతను ఇంట్లో కత్తి పట్టనియ్యలేదు. అమ్మది కూడా తప్పు కాదు, ఆ పైసలతోనే విత్తనాల అప్పు కట్టాలె. తాత రెండేండ్లు ఏమీ చేయలేదు. మా ఇంట్లో ఇంకెవరికీ బండి చక్రం చేయరాదు. బాపుకు రాదు, నాకు అప్పటికి ఆకులు పెట్టుడు వరకే వచ్చు. అందుకని పత్తికి దూరంగా చోటు చూడవలసి వచ్చింది. మీ ఇంట్లో పత్తి కాకపోతే జొన్నలు ఉంటాయి, కందులు ఉంటాయి. పేళ్లు, రంపంపొట్టు తిండిగింజల్లో కలువని చోటే వెతుక్కోవాలె.

మేము ఉత్తరం పక్క చూరు కింద చోటు పెట్టుకున్నాం. ఉత్తరం వైపు ఎందుకంటే అక్కడ రోజంతా వెలుతురు ఉంటది, ఎండ మాత్రం తక్కువ. ఎండాకాలంలో సూర్యుడు తూర్పు నుంచి కొంచెం ఉత్తరం దిక్కుకు జరిగి ఉదయిస్తాడు కాబట్టి పొద్దున కొంతసేపు ఎండ ఏటవాలుగా పడుతుంది. అప్పుడు ఒక గోనెపట్ట వేలాడదీస్తాం.

వెలుతురు ఏ పక్కనుంచి రావాలె అనేది ముఖ్యమైన విషయం. కుడిచేతితో పని చేసేవాళ్లకు ఎడమ పక్కనుంచి రావాలె. కుడి పక్కనుంచి వస్తే మన చేయి నీడ కత్తి మొన మీదనే పడుతుంది, గీత కనబడదు. మా తాతది పుర్రచేయి, అనగా ఎడమచేతి వాటం. ఆయనకు కుడి పక్కనుంచి రావాలె. ఇద్దరికీ రెండు చోట్లు ఎక్కడ తేవాలె? నేను తూర్పుకు ముఖం పెట్టి కూసున్నాను, తాత నా ఎదురుగా పడమరకు ముఖం పెట్టి కూసున్నడు. ఉత్తరం నాకు ఎడమ పక్క అయింది, తాతకు కుడి పక్క అయింది. ఒకటే వెలుతురు ఇద్దరికీ సరిపోయింది. ఎదురుగా కూసుంటే ఇంకొక లాభం, ఆయన చేయి ఎట్లా తిరుగుతున్నదో అద్దంలో చూసినట్టు కనబడుతుంది. ఆయన ఎడమచేతితో చేసింది నేను కుడిచేతితో చేస్తే అయిపాయె.

బల్ల కొనే పని లేదు. విరిగిన తలుపు చెక్క రెండు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్నది తీసుకున్నాం. రెండు పక్కల మూడేసి ఇటుకలు పడుకోబెట్టి పేర్చి దాని మీద పెట్టినాం. కింద కూసున్నవాళ్లకు తొమ్మిది అంగుళాల ఎత్తు సరిపోతుంది, ఎక్కువ వంగితే మెడ గుంజుతది. గోడకు ఆనించవద్దు, చెదలు ఎక్కుతాయి. చిన్న ముక్కలు దొర్లిపోకుండా చుట్టూ వెదురు బద్ద కొట్టినాం. చేయి ఒరుసుకుంటున్నదని తాత తన వైపు బద్ద పీకేసిండు. అట్లనే ఉంచినాం. చెక్క కింద పాత తెల్ల ధోవతి పరిస్తే పడిన ముక్క వెంటనే కనబడుతుంది. పాడైన రేడియో స్పీకర్లో అయస్కాంతం ఉంటది, దానితో మొలలు, సూదులు ఏరుకోవచ్చును.

రెండు అడుగుల చెక్క ఎందుకు సరిపోతుందో లెక్క చేసి చూద్దాం. మేము అడుగుకు ఒక అంగుళం చొప్పున చేస్తాం. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి నిష్పత్తి 1:12. మా బండి చక్రం అడ్డంగా కొలిస్తే నాలుగున్నర అడుగులు వచ్చింది, బొమ్మ చక్రం నాలుగున్నర అంగుళాలు. బండి, కాడి, ఎద్దులు అన్నీ కలిపి పదిహేను అడుగులు, అనగా పదిహేను అంగుళాలు. ఇంకా తొమ్మిది అంగుళాలు పనిముట్లకు మిగులుతుంది. బండికి ఒక కొలత, ఎద్దుకు ఒక కొలత పెడితే చూసేవాళ్లకు నవ్వు వస్తుంది. తాత ఏ కొలతా రాయడు, బెత్తెడు, జానెడు అని చూసుకుంటాడు. తర్వాత నేను స్కేలు పెడితే సరిగ్గానే వస్తది. అది ఎట్లనో నాకు ఇంకా అర్థం కాలేదు.

కత్తి విషయం. మా తమ్ముడికి రెండేండ్లు. ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. కాబట్టి కత్తులు, సూదులు చూరు దూలానికి కట్టిన సొరకాయ బుర్రలో పెడతాం. నాకే చేయి ఎత్తితే అందుతుంది. సూదులు ఐదు, గుడ్డకు గుచ్చి ఉంచుతాను, పొద్దు గూకేలోపు లెక్క పెట్టాలె. నాలుగే ఉంటే ఐదవది దొరికినదాక తమ్ముణ్ణి కింద దించొద్దు. కత్తిని ఎప్పుడూ ఒంటి నుంచి బయటికి చెక్కాలె, లోపలికి గుంజొద్దు. కరెంటు పోతే కత్తి పని బంద్. సెల్‌ఫోన్ వెలుతురులో జిగురు పెట్టవచ్చు గానీ చెక్కవద్దు. రంగులు డబ్బాలవి కొనలేదు. పసుపు, జాజు, సుద్ద, దీపం మసి ఉన్నాయి, మాకు అవే చాలు.

జిగురుకు చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడికించాలె. అందులో రంపంపొట్టు కలిపితే లప్పం అయితది, సందులు పూడ్చుకోవచ్చు. నిర్మల్ బొమ్మలకు పొనికి చెక్క ముక్కలు అతికేది కూడా ఇట్లాంటి దానితోనే. రెండు రోజులకు వాసన వస్తది, కొంచెం కొంచెమే చేసుకోవాలె.

మట్టి ఎద్దులు చేసేవాళ్లు పొలాల అమావాస్యకు పదిహేను రోజుల ముందే మొదలు పెట్టాలె. అది వానకాలం, తొందరగా ఆరవు. తొందరపడి ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ఎందుకనగా పై మట్టిలో నీరు ముందు ఆవిరై అది కుంచించుకుపోతుంది, లోపలి మట్టి ఇంకా తడిగా ఉబ్బి ఉంటుంది. నీడలో తడిగుడ్డ కప్పి మెల్లగా ఆరనియ్యాలె. కాళ్లలో వెదురు పుల్ల పెట్టి మట్టి మెత్తితే కూడా పగులుతుంది, మట్టి కుంచించుకుంటది గానీ పుల్ల కుంచించుకోదు కదా.

వెదురును నీళ్లలో నానేసి ఆరబెట్టి వాడుకోవాలె. అందులో ఉండే పిండి పదార్థం నీళ్లలోకి పోతది, పురుగు తక్కువ పడుతుంది. అటవీ హక్కుల చట్టం 2006లో వెదురును కూడా చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో రాసినారు. బాపుకు ఆ మాట నేనే చదివి చెప్పినాను.

ఎండాకాలం అయిపోయేవరకు తాత మూడు బండ్లు చేసిండు. నాలుగో బండికి ఒక చక్రం నేను చేసినాను. తాత దాన్ని నేల మీద దొర్లించి చూసి, ఏమీ అనకుండా ఇరుసుకు ఎక్కించిండు. దీపావళి తర్వాత పత్తి మళ్లీ ఇంట్లోకి వస్తది. అప్పుడు చూరు కింద కూడా బస్తాలు పెడతారు. చెక్కను, ఇటుకలను ఎడ్లకొట్టంలో ఉత్తరం మూలకు మార్చుకొమ్మని అమ్మ ఒప్పుకున్నది. అక్కడ వెలుతురు తక్కువ, ఒక పెంకు తీసి అద్దం పలక పెట్టాలె. అద్దం పలక ఎవరి ఇంట్లోనన్నా పాతది ఉంటే తొమ్మిదో తరగతి రూములో నాకు చెప్పగలరు.