పిలిస్తే లేస్తుందట!

సమస్య: మాది తుక్కుగూడ. మామయ్యకు 74 ఏళ్లు. నెల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ముక్కు పైపులోంచి పాలు, జావ పోస్తున్నాం. మా ఆయనకు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ. నేనూ ఉద్యోగానికి వెళ్లాలి. అమెరికాలో ఉన్న మరిది డబ్బు పంపుతానన్నాడు. రెండు హోమ్ నర్సింగ్ ఏజెన్సీలతో మాట్లాడాం. ఒకరు పగలొకరిని, రాత్రొకరిని పంపుతామన్నారు. ఖర్చెక్కువ. రెండోవాళ్లు ఒకే అమ్మాయి 24 గంటలూ ఉంటుందన్నారు. రాత్రి ఎక్కడ పడుకుంటుందని అడిగితే, "మంచం పక్కనే, పిలిస్తే లేస్తుంది" అన్నారు. అన్నదమ్ములిద్దరూ దాన్నే ఖాయం చేయమంటున్నారు. సీసీ కెమెరా పెట్టిస్తానంటున్నాడు మరిది. ఏం చేయమంటారు?
- ఓ కోడలు

సలహా: తల్లీ, ఆ అమ్మాయి నిద్ర సంగతి అడగాలని మీ ఇంట్లో నీకొక్కదానికే తోచింది. అందుకే నీకు జవాబు రాస్తున్నాను.

ఆధార్, పోలీసు వెరిఫికేషన్, నాగా పెడితే బదులు మనిషి, అడ్వాన్సు వాపసు... ఇవన్నీ కాగితం మీద రాయించుకో. వచ్చేది నర్సా, అటెండరా తేల్చుకో. నర్సయితే ఏఎన్ఎమ్మో జీఎన్ఎమ్మో చదివి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. పైపులో పాలు పోసేటప్పుడు తలెలా పెడతావని అడిగి చూడు. తల, వీపు ఎత్తి, పోశాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచుతానంటే పని తెలిసిన మనిషే.

ఇక అసలు సంగతి. మాటే పోయిన మామయ్య ఆ అమ్మాయిని ఎలా పిలుస్తాడమ్మా? ఈ చిన్న ప్రశ్న ఆయన కన్న కొడుకులకు తట్టలేదా? మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుము కింద, మడమలకు పుండ్లు పడతాయి. అంటే పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేవాలి. తెల్లారితే స్నానం, పక్క బట్టలు, మందులు, మళ్లీ పాలు. ఇలా వారం గడిస్తే ఎంత మంచి పిల్లయినా ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది. కెమెరా ఆ నిద్రను చూపిస్తుంది తప్ప మామయ్యను పక్కకు తిప్పదు. ఆ డబ్బేదో రెండో మనిషి జీతానికి పంపమని మరిదికి చెప్పు.

మన ఇళ్లలో ఇదో పాత అలవాటు. కొడుకులు డబ్బిస్తారు, కోడళ్లు ఒళ్లు వంచుతారు. కోడలు ఉద్యోగానికి వెళితే, ఆ చోట్లోకి ఎవరింటి ఆడపిల్లో వస్తుంది. ఆమెకూ నిద్ర కావాలన్న ఊసే ఉండదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని చెప్పింది. అందులో కోడలి పేరు లేదు. మీ ఆయనకు ఆ సంగతి చెప్పు.

మొదటి ఏజెన్సీనే పెట్టుకోండి. డబ్బు చాలకపోతే రాత్రి మనిషిని మీ ఆయనకు నైట్ షిఫ్టు ఉన్న వారాలకే పిలిపించండి. మిగతా రాత్రులు తండ్రిని పక్కకు తిప్పాల్సింది ఆయనే. ఈ జవాబు ఆయన చేత కూడా చదివించు.