గుడ్డ సంచిలో కొన్న కూరగాయ మొక్కలు – నాటే పద్ధతి

మా దగ్గర రక్తహీనతకు మందులు వాడుతున్న ఒక గర్భిణి ఇంటివారికి, పెరట్లో కూరగాయలు వేసుకోండని చెప్పాము. వారు మా మాట విని నర్సరీకి వెళ్లి 12 టమాటా, వంగ, మిరప మొక్కలు కొన్నారు. అవి మామూలు నల్ల కవర్లలో కాక పలుచని గుడ్డ సంచుల్లో ఉన్నాయి. "ఈ గుడ్డ మట్టిలో కలిసిపోతుంది, సంచితోనే పాతిపెట్టండి" అని అక్కడివారు చెప్పారట. పది రోజులు తిరగకముందే 9 మొక్కలు వాడిపోయాయి. తరువాతి చెకప్‌కు కోడలిని తీసుకువచ్చిన అత్తగారు, "సిస్టరమ్మా, నా చేతికి మొక్క బతకదమ్మా. ఇంక ఆ డబ్బు దండగ" అన్నారు.

ఆ మాట మాకు బాధ కలిగించింది. చచ్చిన మొక్కను ఒకదాన్ని సంచితో సహా తవ్వి తెమ్మన్నాము. కత్తెరతో గుడ్డ కోసి చూస్తే లోపలి మట్టి గడ్డకట్టి ఎండిపోయి ఉంది. వేళ్లు సంచి లోపలే గుండ్రంగా చుట్టుకున్నాయి. ఒక్క వేరూ బయటి మట్టిని తాకలేదు. ఆమె రోజూ పోసిన నీళ్లు సంచి పక్కనుంచి కిందికి పోయాయి. తప్పు ఆమె చేతిది కాదు. మాది కూడా కొంత ఉంది. నాటమని చెప్పాముగాని ఎలా నాటాలో చెప్పలేదు. బిళ్లలు చేతికిచ్చి ఎప్పుడు మింగాలో చెప్పకుండా పంపినట్టయింది.

గుడ్డ ఎందుకు అడ్డుపడుతుంది?

జనపనార, నూలు, కొబ్బరిపీచు వంటివి మట్టిలో కుళ్లే మాట నిజమే. అయితే తడి, వెచ్చదనం, మట్టిలోని సూక్ష్మజీవులు ఉంటేనే కుళ్లుతాయి. పొడి మట్టిలో నెలలు గడిచినా అలాగే ఉంటాయి. ఇక సంచి అంచు మట్టి పైకి కనబడుతూ ఉంటే, దీపపు వత్తి నూనెను లాగినట్టు లోపలి తేమను పైకి లాగి గాలికి ఆరబెడుతుంది. పైనుంచి చూస్తే నేల తడిగానే ఉంటుంది, లోపల మొక్క దాహంతో ఉంటుంది.

గుడ్డలా కనిపించేదంతా గుడ్డ కాదు. పెళ్లిళ్లలో, బట్టల షాపుల్లో ఇచ్చే నాన్‌వోవెన్ సంచులు చాలావరకు ప్లాస్టిక్ దారంతో చేసినవి. చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకొని, పిల్లలకు దూరంగా కాల్చి చూడండి. కాగితంలా కాలి బూడిదైతే నూలు లేక నార. కరిగి గట్టి పూసలా అయితే దాన్ని నమ్మవద్దు, పూర్తిగా తీసివేసి నాటండి.

నాటే విధానం

1. కొన్న రోజే నాటవద్దు. నర్సరీ నీడలో పెరిగిన మొక్కకు ఎండ అలవాటు కావాలి. మొదటి రోజు ఉదయపు ఎండ ఒక గంట, తరువాత కొంచెం కొంచెం పెంచుతూ 5 నుండి 7 రోజులు ఉంచండి.

2. నాటేముందు సంచిని నీళ్లున్న పళ్లెంలో, బుడగలు రావడం ఆగేవరకు ఉంచండి. మట్టి పూర్తిగా నానాలి.

3. గుడ్డ తేలికగా ఊడితే తీసివేయండి. వేళ్లు గుడ్డలోకి దూరి ఉంటే లాగకండి. ఎండిన కట్టును లాగితే పుండు రేగినట్టే, వేళ్లు తెగిపోతాయి. అప్పుడు అడుగు భాగం కత్తిరించి, పక్కలు మూడు నాలుగు చోట్ల నిలువుగా చీల్చండి. పై అంచును మట్టి మట్టం వరకు కత్తిరించండి. సొర, బీర, దోస మొక్కలు వేళ్లు కదిలితే తట్టుకోలేవు గనుక వాటికి ఇలా చీల్చి నాటడమే మంచిది.

4. సాయంకాలం ఎండ తగ్గాక నాటండి. మొక్కను కాండం పట్టుకొని ఎత్తకుండా అడుగున అరచేయి పెట్టి ఎత్తండి. వంగ, మిరప సంచిలో ఎంత లోతున ఉన్నాయో ఇంచుమించు అంతే లోతుగా నాటండి. టమాటాకు మాత్రం కాండం నుంచి కూడా వేళ్లు వస్తాయి గనుక కింది ఆకులు తీసి లోతుగా నాటవచ్చు.

5. చుట్టూ మట్టిని వేళ్లతో మెల్లగా నొక్కండి. గుడ్డకూ మట్టికీ మధ్య ఖాళీ ఉండకూడదు. మొదటి వారం నీళ్లు మొక్క మొదట్లోనే నిదానంగా పోయండి. రెండు మూడు రోజులు మధ్యాహ్నం నీడ కల్పించండి.

6. మొక్కకూ మొక్కకూ మధ్య ఒకటిన్నర నుండి 2 అడుగుల దూరం ఉండాలి. కుండీ అయితే 12 అంగుళాల దానిలో ఒక్క మొక్కే.

మీ ఆరోగ్యం కోసం

మట్టిలోను, పేడలోను ధనుర్వాతపు క్రిములు ఉంటాయి. కత్తెర గాని ముల్లు గాని గుచ్చుకుంటే పారే నీటితో, సబ్బుతో కడిగి, ఇంజక్షన్ అవసరమా అని ఆసుపత్రిలో అడగండి. మట్టి నుంచి కొంకిపురుగులు అరికాళ్ల చర్మం గుండా లోపలికి వెళ్లి రక్తాన్ని తగ్గిస్తాయి గనుక చెప్పులు వేసుకొని పని చేయండి. షుగరు ఉన్నవారు ఇది అసలు మరువరాదు. కుండీల కింది పళ్లేలలో నీళ్లు నిలిస్తే దోమలు పెరుగుతాయి. వారానికి ఒకసారైనా పారబోసి, తోమి ఆరబెట్టండి.

టమాటాలోని విటమిన్ సి, ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సహాయపడుతుంది. అయినా గర్భిణులు పెరటి కూరలు తింటున్నామని ఐరన్ బిళ్లలు మానకూడదు. రెండూ కావాలి.

ఆ అత్తగారు మళ్లీ 8 మొక్కలు తెచ్చి ఈ విధంగా నాటారు. ఒకదాన్ని మేక తినేసింది. మిగిలిన 7 నిలిచాయి. మీ ఇంట మొక్క చనిపోతే చేతిని నిందించుకోకండి. తవ్వి, సంచి విప్పి, వేళ్లు ఎక్కడ ఆగాయో చూడండి.