కాంట్రా మళ్లీ ఆడితే: 30 లైఫ్‌లు తీసేశాక కనిపించిన అసలు గేమ్

"కాంట్రా మొత్తం ఫినిష్ చేశా" అని గొప్పలు చెప్పుకోని తొంభైల పిల్లలు తక్కువ. నేనూ చెప్పుకున్నవాడినే. మొన్న చందానగర్‌లో మా అక్కవాళ్లింట్లో అటక సర్దుతుంటే పాత వీడియో గేమ్ డబ్బా దొరికింది. రెండు రిమోట్లు, పసుపు రంగు క్యాసెట్, దాని మీద "99,99,999 ఇన్ 1" అని స్టిక్కర్. ఏవీ వైర్లు టీవీకి తగిలించి, క్యాసెట్‌ని అలవాటు ప్రకారం నోటితో ఊది పెట్టాను. మూడోసారికి ఆన్ అయింది.

మా మేనల్లుడు తొమ్మిదో క్లాసు. రోజూ ఫోన్లో బ్యాటిల్ రాయల్ ఆడేవాడు. పావుగంట నాతో ఆడి రిమోట్ పక్కన పెట్టేశాడు. "నువ్వు చెప్పినంత ఏం లేదు మామా. చచ్చినా మళ్లీ లేస్తున్నం కదా, ఇంక భయం ఎందుకు? పైగా నొక్కినంక లేటుగా ఎగుర్తుండు" అన్నాడు.

ఫీలయ్యాను. కానీ వాడి రెండు కంప్లైంట్లలోనూ విషయం ఉంది. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ పక్కన పెట్టి, 1988 నాటి గేమ్‌ని ఒకసారి విప్పి చూద్దాం.

మనం ఆడింది ఏ కాంట్రా?

కొనామీ కాంట్రాని 1987లో ఆర్కేడ్ మెషీన్ల కోసం చేసింది. ఏడాది తర్వాత 1988లో ఫామికామ్‌కి, దాని అమెరికా రూపమైన ఎన్ఈఎస్‌కి వచ్చింది. మన ఇళ్లలోకి వచ్చినవి మాత్రం ఎక్కువగా ఆ ఫామికామ్‌కి నకళ్లు, అంటే క్లోన్‌లు. కోఠిలోనో అబిడ్స్‌లోనో కొన్న ఆ డబ్బాలో గేమ్ అదే, కానీ మూడు తేడాలు ఉన్నాయి.

మొదటిది లైఫ్‌లు. అసలు గేమ్‌లో ఇచ్చేది 3. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ నొక్కితే 30 అవుతాయి. ఈ కోడ్ కాంట్రా కోసం పుట్టింది కాదు. 1986లో గ్రాడియస్ గేమ్‌ని ఫామికామ్‌కి మారుస్తున్న కజుహిసా హషిమోతోకి టెస్టింగ్ కోసం ఆడటమే కష్టమైపోయి, తన సౌకర్యానికి పెట్టుకున్నాడు. మన క్యాసెట్లలో చాలాసార్లు ఆ కోడ్ అవసరం కూడా రాలేదు. మెనూలో కాంట్రా పేరు పదిసార్లు ఉండేది. ఒకటి 30 లైఫ్‌లతో మొదలయ్యేది, ఇంకోటి నేరుగా మంచు స్టేజ్‌తో. లక్షల గేమ్‌ల రహస్యం అదే.

రెండోది టర్బో. క్లోన్ రిమోట్లలో ఎ, బి పైన ఇంకో రెండు బటన్లు ఉండేవి. నొక్కి పట్టుకుంటే చాలు, బుల్లెట్లు వాటంతట అవే పోయేవి. అసలు గేమ్‌లో మామూలు తుపాకీకి ఒక్కో నొక్కుకి ఒక్కో బుల్లెట్టే. పట్టుకుంటే ఆగకుండా కాల్చే సౌకర్యం 'ఎం' గన్‌కి ఉంటుంది. అది దొరికితే ఎందుకు పండగో టర్బో ఉన్న మనకి తెలీలేదు.

మూడోది నాకు ఈమధ్యే బుర్రకెక్కింది. ఇప్పుడు 120 హెర్ట్జ్ డిస్‌ప్లేల గురించి కొట్టుకుంటున్నాం కదా, అప్పుడూ అదే గొడవ. అమెరికా, జపాన్ మెషీన్లు సెకనుకి దాదాపు 60 ఫ్రేములు గీసేవి. మన టీవీలు పాల్ పద్ధతివి, 50 హెర్ట్జ్. వాటి కోసం తయారైన క్లోన్‌లూ 50 ఫ్రేములే గీసేవి. నేటి గేమ్‌లలో ఫ్రేములు తగ్గినా కథ వేగం తగ్గదు. ఆనాటి గేమ్ లెక్క మొత్తం ఫ్రేముకి ముడిపడి ఉండేది: ఫ్రేముకి ఇన్ని పిక్సెళ్లు నడవాలి, ఇన్ని ఫ్రేములకోసారి కాల్చాలి. ఫ్రేములు తగ్గితే సైనికుడు, బుల్లెట్, దూకుడు అన్నీ నెమ్మదిస్తాయి. అసలు గేమ్‌లో 60 సెకన్ల దూరం మన దగ్గర 72 సెకన్లు.

అంటే ఆరో వంతు నెమ్మదిగా, టర్బోతో, పదింతల లైఫ్‌లతో ఆడి "ఫినిష్ చేశా" అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నా.

3 లైఫ్‌లతో మొదటి స్టేజ్

2019లో కొనామీ విడుదల చేసిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్ స్టీమ్‌లో కొని, లింగంపల్లిలో నా రూమ్‌లో పీసీకి మామూలు వైర్ కంట్రోలర్ పెట్టి కూర్చున్నాను. అందులో ఎన్ఈఎస్ వెర్షన్, జపాన్ వెర్షన్ రెండూ ఉన్నాయి. జపాన్ క్యాసెట్‌లో అదనపు చిప్ ఉండటంతో అడవిలో చెట్ల ఆకులు ఊగుతాయి. ఎన్ఈఎస్‌లో కదలవు. నేను ఆడింది ఎన్ఈఎస్‌ది.

మొదటి అరగంట ఘోరం. మొదటి వంతెన కాళ్ల కింద పేలిపోతుందని తెలిసి కూడా దాని మీదే చచ్చాను. ఒక్క దెబ్బకే ప్రాణం, దాంతో పాటు సంపాదించిన గన్ కూడా పోతుంది. 30 లైఫ్‌లున్నప్పుడు లైఫ్ గురించే తప్ప గన్ గురించి ఆలోచించలేదు. ఇక్కడ 'ఎస్' గన్ చేతిలో ఉంటే పక్క ప్లాట్‌ఫామ్ మీదకి దూకాలన్నా గుండె కొట్టుకుంటుంది. మావాడు అడిగిన భయం ఇదే.

తర్వాత ఒక్కొక్కటీ కనపడటం మొదలైంది. శత్రువు బుల్లెట్లు నిజానికి నిదానమే, చూసి తప్పించుకోవచ్చు. తిరిగే గన్‌లు మీ వైపు తిరిగాకే కాలుస్తాయి, ఆ తిరిగే టైమ్ మీది. పడుకుంటే మీకు దెబ్బ తగిలే భాగం తగ్గుతుంది. నీళ్లలో కిందికి నొక్కితే మునిగిపోతారు, ఏ బుల్లెట్టూ తగలదు, కానీ మీరూ కాల్చలేరు. ఎక్కడ ఏ గన్ దాక్కుందో, ఏ క్యాప్సూల్‌లో ఏ అక్షరం ఉందో ప్రతిసారీ ఒకటే. పరిగెత్తుకొచ్చే సైనికులు మాత్రం కాస్త అటూ ఇటూ మారుతుంటారు. అందుకే బట్టీ పడితే సగమే పని జరుగుతుంది.

గేమ్ డిజైన్ నేర్చుకునేవాళ్లు ఆగి చూడాల్సింది బుల్లెట్ల హద్దు. మీరు కాల్చిన బుల్లెట్లు తెరమీద ఒకేసారి కొన్నే ఉండగలవు. దూరం నుంచి కాలిస్తే అవి తగిలేదాకో తెర దాటేదాకో కొత్తవి రావు. దగ్గరికెళ్లి కాలిస్తే వెంటనే తగిలి చోటు ఖాళీ అవుతుంది, ఇంకోటి పేల్చొచ్చు. స్టేజ్ చివర గోడని దగ్గర నుంచి కొడితే తొందరగా కూలేది ఇందుకే. 2 కేబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో పొదుపు కోసం పెట్టిన హద్దు, ధైర్యంగా ముందుకెళ్లినవాడికి బహుమతిగా మారింది. క్యాసెట్ మొత్తం ప్రోగ్రామ్ 128 కేబీ. మీ ఫోన్ తీసే ఒక్క ఫొటోలో ఇలాంటివి పాతిక దాకా పడతాయి.

బొమ్మలు మిణుకుమిణుకుమనడం కూడా టీవీ పాడై కాదు. ఒకే అడ్డగీత మీద ఆ చిప్ 8 స్ప్రైట్లే చూపించగలదు. అంతకంటే ఎక్కువైతే ఒక్కో ఫ్రేములో ఒక్కోదాన్ని వంతులవారీగా వదిలేస్తారు. ఒకే బుల్లెట్ ఎప్పుడూ మాయమైపోతే ఆటగాడికి అన్యాయం కాబట్టి వంతులు.

మరి ఆ లేటు?

మావాడి రెండో కంప్లైంట్‌కి దోషి గేమ్ కాదు, టీవీ. పాత డబ్బా టీవీ సిగ్నల్ వస్తుండగానే గీత గీత గీసేస్తుంది. ఎల్ఈడీ టీవీ ఫ్రేముని పట్టుకుని, సాగదీసి, నునుపు చేసి అప్పుడు చూపిస్తుంది. ఒక్క ఫ్రేము అంటే 16.7 మిల్లీసెకన్లు. అలాంటివి నాలుగైదు పోతే వంతెన మీద దూకుడు తప్పినట్టే. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేశాక మా అక్కవాళ్ల టీవీలో తేడా వెంటనే తెలిసింది. టీవీ కొనేటప్పుడు రంగులతో పాటు ఇన్‌పుట్ ల్యాగ్ కూడా అడగండి.

ఫోన్లో ఇలాంటి గేమ్‌లు ఆడేవాళ్లకి ఒక మాట. టచ్ శాంప్లింగ్ ఎంత ఎక్కువున్నా అద్దానికి అంచు ఉండదు. ఏటవాలుగా గురిపెడుతూ దూకాలంటే బొటనవేలు ఎక్కడుందో వేలికే తెలియాలి. వైర్ కంట్రోలర్ పెట్టుకోండి.

అన్నట్టు, క్యాసెట్ ఊదకండి. పనిచేసేది గాలి కాదు, తీసి మళ్లీ పెట్టడం. నోటి తడికి కాంటాక్ట్‌లు తుప్పు పడతాయి. దూది పుల్లతో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి.

మూడు వారాల తర్వాత నా పరిస్థితి: 3 లైఫ్‌లతో, కోడ్ లేకుండా, మూడో స్టేజ్ జలపాతం దగ్గర ఆగాను. అక్కడ తెర పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. పోయిన ఆదివారం మావాడు నా రూమ్‌కొచ్చి ఇద్దరం కలిసి ఆడాం. వాడు రెండేసి మెట్లు ఎక్కేస్తున్నాడు, నేను కింద. "ఆగురా, నేను రావాలి" అని అరుస్తున్నా. ఈసారి వాడి దగ్గర ఒక్క లైఫే ఉంది, చేతిలో 'ఎస్' గన్ ఉంది. రిమోట్ పక్కన పెట్టే ఆలోచనే లేదు.

"నువ్వే జల్దీ రా మామా" అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా.