రాయలసీమలో శీతకాల యాత్ర

ప్రశ్న: హైదరాబాదులోని మాదాపూర్‌లో ఉద్యోగము చేయుచున్నాను. డిసెంబరు సెలవులలో కుటుంబముతో కారులో పోయి ఇసుకదిబ్బలను, లోతైన నదీలోయను చూడగోరుచున్నాము. మార్గము తెలుపగలరా?

జవాబు: దూరదేశములకు పోనక్కరలేదు, ఆ రెండును రాయలసీమలోనే కలవు. తెల్లవారగానే బయలుదేరి, 44వ జాతీయ రహదారిపై కర్నూలు చేరి, బనగానపల్లె మీదుగా సాగి, 3,229 మీటర్ల పొడవుగల బెలుం గుహలను దర్శించి, జమ్మలమడుగు మార్గమున చీకటిపడక మునుపే గండికోట చేరుడు. ఎర్రమల కొండలను పెన్నానది యుగయుగములుగా కోసి తీర్చిన ఆ మహాగండిని అరుణోదయవేళ చూచుట కన్నులకు పరమోత్సవము. పిమ్మట అనంతపురము మీదుగా కణేకల్లు ప్రాంతమునకు పోయినచో, హగరి యనబడు వేదవతీనది యిసుకను గాలి మోసికొనివచ్చి పేర్చిన దిబ్బలు కానవచ్చును. గండి అంచున పిల్లల చేయి విడువకుడు. రాత్రి చలికి కంబళ్లును, పగటి యెండకు సమృద్ధిగా నీరును వెంటనుంచుకొనుడు. రాత్రివేళ కారు నడుపకుడు.